కొత్త టెక్నాలజీని కొందరు ముందే అందుకుంటారు, కొందరు చివర్న. ఇది స్వభావమా, పరిస్థితా?

మూడోగేరు:
ఆఫీసుల్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు అక్కడి సిబ్బందికి నేర్పించడం నా ఉద్యోగం. చాలాకాలంగా ఇదే పనిలో ఉండటంతో నాకొక అభిప్రాయం బాగా గట్టిపడింది. ఇక్కడ పెడుతున్నా, కాదనేవాళ్లు మొహమాటం లేకుండా కాదనండి. కొత్తదాన్ని అందుకోవడం మనిషి స్వభావాన్ని బట్టే ఉంటుంది. బటన్ కనిపిస్తే ఏమవుతుందో చూద్దామని నొక్కేసే రకం కొందరు. పక్కవాళ్లు నొక్కాక, వాళ్లకేమీ కాలేదని తేలాక మెల్లగా చెయ్యి పెట్టే రకం ఇంకొందరు. పాత బటన్ పీకి పారేసేదాకా కొత్తదాని మొహం చూడనివాళ్లు మిగతావాళ్లు. చదువు, జీతం, హోదా ఎలా ఉన్నా ఈ రకాలు మాత్రం ప్రతి ఆఫీసులోనూ తగులుతుంటాయి.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. ఎవరెట్ రోజర్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1962లోనే జనాన్ని ఐదు గుంపులు చేశాడు. అందరికంటే ముందు దూకేవాళ్లు నూటికి 2.5 మంది, వాళ్లని చూసి కాస్త ఆలోచించి దిగేవాళ్లు 13.5, తర్వాత ముందువరస జనం 34, వెనకవరస జనం 34, చిట్టచివరికి వచ్చేవాళ్లు 16. ఇన్నేళ్లయినా మార్కెటింగ్ వాళ్లందరూ ఇవే అంకెలు పట్టుకుని తిరుగుతున్నారంటే అందులో ఏదో నిజం ఉన్నట్టే కదా.

కాబట్టి నేననేది ఏంటంటే, అందరికీ ఒకే శిక్షణ ఇవ్వడం దండగ. ఎవరు ఏ రకమో ముందే పసిగట్టి మొదటి రెండు గుంపుల మీద పని చేస్తే చాలు, మధ్యవాళ్లు వాళ్లని చూసి వచ్చేస్తారు. ఆ చివరి 16 మంది కోసం టైమ్ పోగొట్టుకోవడం అనవసరం. ఏమంటారు?

ఎందుకట:
ఇందులో చర్చ ఏముంది? కుర్రాళ్లు నేర్చుకుంటారు, వయసైపోయినవాళ్లకి ఎక్కదు. పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు.

విత్తనం:
మూడోగేరు గారూ, నేను వ్యవసాయ విస్తరణలో, అంటే రైతులకి కొత్త పద్ధతులు చేరవేసే పనిలో ఉండి రిటైరయ్యాను. మీరు చెప్పిన ఐదు గుంపుల వెనకున్న పరిశోధన చాలావరకు పొలాల్లో పుట్టిందే, అందుకే ఆగలేక రాస్తున్నా.

1943లో ర్యాన్, గ్రాస్ అనే ఇద్దరు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 259 మంది మొక్కజొన్న రైతుల్ని కలిసి, హైబ్రిడ్ విత్తనం ఎప్పుడు మొదలుపెట్టారు, ఎవరు చెబితే మొదలుపెట్టారు అని అడిగి రాసుకున్నారు. రోజర్స్ ఆ తర్వాత ఎంతో ఆధారపడింది ఈ అధ్యయనం మీదే. 1928 నుంచి 1941 లోపు ఇద్దరు తప్ప అందరూ హైబ్రిడ్‌కి మారారు. దిగుబడి దాదాపు 20 శాతం ఎక్కువ వచ్చే విత్తనానికి అన్నేళ్లు పట్టింది. ఎందుకు? అంతకుముందు రైతు తన చేలోంచే మంచి కంకులు ఏరి దాచుకుని మరుసటేడు విత్తుకునేవాడు, విత్తనం ఖర్చు లేదు. హైబ్రిడ్ అయితే ఏటేటా కొనాలి. పైగా 1930ల దశకమంతా ఆర్థిక మాంద్యం, చేతిలో డబ్బు ఆడని రోజులు.

ముందు వేసినవాళ్లెవరో కూడా అందులోనే ఉంది. కమతం పెద్దది, ఆదాయం ఎక్కువ, చదువు ఎక్కువ, పట్నానికి రాకపోకలు ఎక్కువ. ఇవన్నీ స్వభావమా? పెద్ద కమతం ఉన్నవాడు ఓ మూల వేసి చూస్తాడు, పోతే ఆ మూల పోతుంది. చిన్న రైతుకి ఉన్నదే ఆ మూల. వాడు పక్క చేను రెండు మూడు పంటలు చూస్తానంటే మనం వాడికి పిరికివాడని పేరు పెడతాం. నేనూ ఉద్యోగంలో ఉన్నప్పుడు పై అధికారులకి పంపే రిపోర్టుల్లో రైతుల్ని ఇలాగే రకాలుగా విడదీసి రాయమనేవాళ్లు. ఆ ఫారంలో కమతం ఎంత, అప్పు ఎంత అనే గడి ఉండేది కాదు, వైఖరి ఎలా ఉంది అనే గడి మాత్రం ఉండేది.

మూడోగేరు:
విత్తనం గారూ, బాగుంది, కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఒకే ఊళ్లో ఒకే సైజు కమతం, ఒకే రాబడి ఉన్న ఇద్దరు రైతుల్ని తీసుకోండి. ఒకడు ముందు వేశాడు, ఒకడు చివర్న వేశాడు. అది స్వభావం కాకపోతే ఏమిటి? మా దగ్గర పక్కపక్క సీట్లలో ఒకే పని చేసేవాళ్లలో కూడా తేడా కనిపిస్తుంది. డబ్బు తేడా లేదు, చదువు తేడా లేదు. ఒకావిడ నేను స్లైడు మార్చేలోపే మెనూలన్నీ తెరిచి చూసేస్తుంది, పక్కావిడ నేను చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్‌లో రాసుకుంటుంది తప్ప మౌస్ ముట్టుకోదు. ఇది నేను రోజూ చూసేదే.

లెక్కలపిచ్చి:
ముందు ఆ అంకెల సంగతి తేల్చేద్దాం. 2.5, 13.5, 34, 34, 16 అనేవి జనాన్ని లెక్కపెడితే వచ్చిన అంకెలు కావు. రోజర్స్ చేసిందల్లా, ఎవరు ఎప్పుడు అందుకున్నారో గంట ఆకారపు గీతగా గీసి, సగటు దగ్గర ఒక గాటు, అటూ ఇటూ స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి అంకెలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) దగ్గర గాట్లు పెట్టి కోయడమే. అలా కోస్తే ఎక్కడైనా చివరి ముక్కలో 16 శాతమే వస్తుంది. లోకంలోని అతి చురుకైన వందమందిని ఒక గదిలో పెట్టి కొత్త వస్తువు ఇచ్చినా, ఈ పద్ధతిలో వాళ్లలో 16 మంది చివరివాళ్లుగా మిగలాల్సిందే. కోతలోంచి వచ్చిన అంకెని మీరు మనుషుల గుణం అనుకుంటున్నారు.

ఇక రెండోది, విత్తనం గారు చెప్పిన మొక్కజొన్నకి తరువాయి భాగం ఉంది. 1957లో జ్వి గ్రిలికెస్ అనే ఆర్థికవేత్త అదే హైబ్రిడ్ విత్తనం ఎక్కడికి ఎప్పుడు పాకిందో రాష్ట్రాలవారీగా లెక్కలు కట్టాడు. అయోవాలో 1930ల మధ్యలో ఊపందుకున్న విత్తనం దక్షిణాన అలబామా వైపు పదేళ్లకి పైగా ఆలస్యంగా వెళ్లింది. అక్కడి రైతులు మొండివాళ్లా? హైబ్రిడ్ విత్తనాన్ని ఒక్కో ప్రాంతానికి విడిగా తయారుచేయాలి, అయోవాకి పనికొచ్చేది అలబామాలో పనికిరాదు. విత్తన కంపెనీలు లాభం ఎక్కువున్నచోటికి ముందు వెళ్లాయి, మిగతాచోట్లకి తర్వాత వెళ్లాయి. అంటే అక్కడి రైతు 'ఆలస్యం' చేసిన ఏళ్లలో చాలావరకు అతని నేలకి పనికొచ్చే విత్తనమే తయారవలేదు. దీనిమీద ఆర్థికవేత్తలకీ గ్రామీణ సామాజిక శాస్త్రవేత్తలకీ 1960ల మొదట్లో పత్రికల్లో పెద్ద వాదనే నడిచింది, సరిగ్గా ఇప్పుడు మనం చేస్తున్న వాదనే.

మీ పక్కపక్క సీట్ల ఉదాహరణకి కూడా ఒక మాట. జీతం ఒకటే కావచ్చు. తప్పు జరిగితే ఎవరి మెడకి చుట్టుకుంటుందో అది కూడా ఒకటేనా? ఒకరు పర్మినెంటు, ఒకరు కాంట్రాక్టు కావచ్చు. ఒకరిని ఇదివరకే ఒక పొరపాటుకి అందరి ముందూ నిలదీసి ఉండవచ్చు. అవి తెలుసుకోకుండా స్వభావం అనేశారు.

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. మూడోగేరు గారి లాంటివాళ్లు మా దగ్గరికీ వస్తుంటారు, వాళ్ల మీద కోపం లేదు, కానీ ఈ 'రకాలు' అనే మాట వింటే మాత్రం ఒళ్లు మండుతుంది.

మా వృత్తి చరిత్రలోంచే ఒకటి చెప్తా. 1846 అక్టోబర్‌లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఈథర్ మత్తు ఇచ్చి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేసి చూపించారు. అప్పట్లో కబురు ఓడల మీద వెళ్లాలి, అయినా ఆ డిసెంబర్‌కే లండన్‌లో సర్జన్లు ఈథర్‌తో ఆపరేషన్లు మొదలుపెట్టేశారు. సరే, అక్కడి నుంచి ఇరవై ఏళ్లు ముందుకి రండి. 1867లో జోసెఫ్ లిస్టర్, గాయాన్ని కార్బాలిక్ యాసిడ్‌తో శుభ్రం చేస్తే చీము పట్టదు, ప్రాణాలు నిలుస్తాయి అని రాశాడు. ఇది సర్జన్లందరికీ అలవాటు కావడానికి ఏళ్లకేళ్లు పట్టింది. ఆ వృత్తే, ఆ ఆసుపత్రులే, చాలాచోట్ల ఆ మనుషులే. మరి 1846లో చురుగ్గా ఉన్నవాళ్ల స్వభావం 1867కి మారిపోయిందా?

మత్తుమందు ఫలితం అప్పటికప్పుడు కళ్ల ముందు కనిపిస్తుంది, రోగి అరవడు, పెనుగులాడడు, సర్జన్ పని కూడా సులువవుతుంది. లిస్టర్ చెప్పిన పద్ధతిలో కష్టం ఇప్పుడు, లాభం తర్వాతెప్పుడో. కార్బాలిక్ యాసిడ్ చేతుల్ని కాలుస్తుంది, వాసన, పని పెరుగుతుంది, పైగా కంటికి కనిపించని క్రిముల్ని నమ్మాలి. లాభం రోగికి, అవస్థ డాక్టరుకి. ఎవరికి లాభం, ఎవరికి అవస్థ అనే లెక్క సరిపోలనప్పుడు ఎంత చదువుకున్నవాళ్లయినా వాయిదా వేస్తారు.

మా దగ్గర రోగుల రికార్డులు కంప్యూటర్‌లోకి మార్చినప్పుడూ ఇదే జరిగింది. లాభం బిల్లింగ్ వాళ్లకి, మేనేజ్‌మెంట్‌కి, రిపోర్టులు చిటికెలో వస్తాయి. మాకు మాత్రం ఇదివరకు మంచం దగ్గరే చార్టులో రాసేసేది ఇప్పుడు నర్సింగ్ స్టేషన్‌కి వెళ్లి, లాగిన్ అయి, పది గడులు నింపాలి, ఈలోపు అటు బెల్ మోగుతుంది. మా సీనియర్ సిస్టర్ ఒకావిడ కాగితం మీద రాసుకుని షిఫ్ట్ చివర్లో ఒకేసారి ఎక్కించేది. శిక్షణ ఇచ్చినాయన ఆవిడ గురించి 'రెసిస్టెన్స్ ఉంది' అని రాసుకెళ్లాడు. ఆవిడే ఇన్‌ఫ్యూజన్ పంపులు (నరంలోకి మందుని కొలిచి ఎక్కించే యంత్రాలు) కొత్తగా వచ్చినప్పుడు అందరికంటే ముందు నేర్చుకుని మాకు నేర్పిన మనిషి.

ఎందుకట:
సరే డాక్టర్ల సంగతి ఒప్పుకుంటా. వయసు సంగతి ఎవరూ మాట్లాడరేం? అసలు కారణం అదే.

లెక్కలపిచ్చి:
@ఎందుకట వయసు గురించి మూడోగేరు గారి రోజర్సే చూశాడు. పోగుచేసిన అధ్యయనాల్లో దాదాపు సగం, ముందు అందుకోవడానికీ వయసుకీ సంబంధం కనిపించలేదనే చెప్పాయి, మిగతావి ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. చదువు, హోదా, కమతం లాంటివాటికి కనిపించినంత స్పష్టంగా వయసుకి కనిపించలేదు. కుర్రాళ్లు నొక్కి చూస్తారంటే, చెడిపోతే వాళ్లని అడిగేవాళ్లు తక్కువ, అది కూడా కలుపుకోండి.

చెవులతోచదువు:
నాకు చూపు లేదు, ఫోనూ కంప్యూటరూ స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంటే వాడతాను, ఈ థ్రెడ్ కూడా అలాగే విన్నాను. నన్ను ఏ గుంపులో వేస్తారో చెప్పండి చూద్దాం.

చూపులేనివాళ్ల కోసం అమెరికాలో పుస్తకాల్ని నిమిషానికి 33 చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డుల మీద 1930ల మధ్యలోనే ఇవ్వడం మొదలుపెట్టారు. సంగీతం వినే మామూలు జనానికి ఆ రకం రికార్డులు 1948లో గానీ గట్టిగా మార్కెట్లోకి రాలేదు. అచ్చు పేజీని స్కాన్ చేసి పైకి చదివే కర్జ్‌వైల్ యంత్రం 1976లో వచ్చింది, స్కానర్ అనే వస్తువుని చాలామంది చూడని కాలం అది. దాన్ని ముందుగా కొన్నవాళ్లలో గాయకుడు స్టీవీ వండర్ ఉన్నాడు. వినికిడి లేనివాళ్లు కూడా అంతే, టైపు చేసి ఫోన్ లైన్ మీద పంపుకునే పరికరాలు 1960ల నుంచి వాడుతున్నారు, మిగతా లోకం మెసేజ్‌లు కొట్టడం మొదలుపెట్టింది ఎప్పుడు? అంటే మీ పట్టికలో మేం 2.5 మందికీ ముందుండాలి. సాహసవంతులం అయి కాదు, వేరే దారి లేక. ముందు వాడినవాడికి కుతూహలం ఉండాలన్న రూలేమీ లేదు.

ఇప్పుడు రెండోవైపు. యాప్ అప్‌డేట్ వచ్చిందంటే నాకు టెన్షన్. అందరూ కొత్త డిజైన్ బాగుందని మురిసిపోతుంటే నాకు నిన్నటిదాకా 'పంపు' అని పలికిన బటన్ ఇవాళ ఒట్టి 'బటన్' అని పలుకుతుంది, ఏది నొక్కితే డబ్బు వెళ్తుందో తెలియదు. అందుకే ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి, నాలాంటివాళ్లు ఎవరైనా వాడి ఫర్వాలేదు అన్నాకే వేసుకుంటాను. ఇక్కడ నేను మీ చివరి గుంపు. రెండూ ఒకే మనిషి చేసే పనులు, ఒకే రోజు చేసేవి కూడా. కొత్త స్క్రీన్ రీడర్ ట్రయల్ వెర్షన్ వస్తే పొద్దున్నే వేసుకుంటాను, బ్యాంకు యాప్ అప్‌డేట్ మాత్రం నెల ఆపుతాను.

మూడోగేరు:
చెవులతోచదువు గారూ, మీది ప్రత్యేకమైన పరిస్థితి కదండీ, దాన్ని అందరికీ వర్తింపజేయగలమా? ఇంకోటి, అందరూ నన్ను జనాన్ని తిట్టినట్టు చూస్తున్నారు. చివర్న వచ్చేవాళ్లు చెడ్డవాళ్లని నేనన్లేదు. నా దగ్గర రోజులు తక్కువ ఉంటాయి, ఎవరి మీద పెట్టాలి అన్నదే నా సమస్య.

చెవులతోచదువు:
ప్రత్యేకం ఏముందండీ, చెడిపోతే నాకు ఎక్కువ నష్టం, అంతే. అలాంటిది ఏదో ఒకటి మీ శిక్షణలో కూర్చున్న ప్రతివాళ్లకీ ఉంటుంది.

పాతచొక్కా:
నేను ప్రోగ్రామర్‌ని. నా చుట్టూ ఉన్నవాళ్లందరిలోకీ కొత్త వస్తువులు ఆలస్యంగా కొనేది నేనే, అది తెలియక కాదు, లోపల ఎలా తయారవుతాయో తెలిసి. అసలు ఈ చర్చలన్నీ ఒక విషయం ముందే ఒప్పేసుకుని మొదలవుతాయి: కొత్తది మంచిది, ఎవరు ఎంత తొందరగా వస్తారన్నదే ప్రశ్న. రోజర్స్ తన పుస్తకంలోనే ఈ రంగానికి ఉన్న ఈ పక్షపాతాన్ని విమర్శించాడు, తప్పంతా వ్యక్తి మీదకి నెట్టే అలవాటుని కూడా. గుంపుల పట్టిక పట్టుకెళ్లినవాళ్లెవరూ ఆ పేజీలు పట్టుకెళ్లలేదు.

హై డెఫినిషన్ సినిమాల డిస్కులు రెండు రకాలు పోటీ పడ్డాయి, బ్లూ రే ఒకటి, హెచ్‌డీ డీవీడీ ఒకటి. 2008 ఫిబ్రవరిలో తోషిబా హెచ్‌డీ డీవీడీని ఆపేసింది, ముందు దూకి అది కొన్నవాళ్ల దగ్గర ప్లేయరూ డిస్కులూ మిగిలిపోయాయి. త్రీడీ టీవీలు ఎంత హడావుడి చేశాయి? ఇప్పుడు ఎవరైనా ఆ కళ్లజోడు పెట్టుకుంటున్నారా? వీటిని కొననివాళ్లని వెనకబడ్డవాళ్లు అని ఎవరూ అనరు, ఆ వస్తువు ఓడిపోయింది కాబట్టి. గెలిచిన వస్తువుల చరిత్రే రాసుకుంటూ పోతే ఆగినవాడు ఎప్పుడూ తెలివితక్కువవాడిలాగే కనిపిస్తాడు.

లుడ్డైట్‌ల పేరు చెప్పి ఎవరైనా నన్ను వెక్కిరించబోతే ముందే చెప్తున్నా. 1811లో ఇంగ్లండ్‌లో అల్లిక యంత్రాలు పగలగొట్టిన ఆ లుడ్డైట్‌లు యంత్రం అంటే ఏంటో తెలియనివాళ్లు కాదు, ఎన్నో ఏళ్లుగా అల్లిక యంత్రాల మీద బతికిన పనిమంతులు. నాసిరకం సరుకు చేసి, తక్కువ కూలికి పని తెలియనివాళ్లని పెట్టుకున్న యజమానుల యంత్రాల మీద పడ్డారు. 1812లో ప్రభుత్వం యంత్రం పగలగొడితే మరణశిక్ష అని చట్టం తెచ్చింది. కొత్తదంటే భయపడే స్వభావం అని చెప్పి ఆ గొడవని ఎలా వివరిస్తారు?

లెక్కలపిచ్చి:
పాతచొక్కా గారూ, సగం వరకే మీతో. ఆగడం మీకు ఉచితం. నెల ఆగితే మీకు పోయేదేమీ లేదు, పైగా ధర తగ్గుతుంది. అందరికీ అలా ఉండదు. విల్లార్డ్ కాక్రేన్ అనే ఆర్థికవేత్త 1958లో రైతుల గురించే చెప్పాడు: కొత్త పద్ధతి ముందు పట్టుకున్న కొద్దిమందికి ఖర్చు తగ్గి లాభం వస్తుంది, అది చూసి మిగతావాళ్లు వస్తారు, అందరూ ఎక్కువ పండిస్తారు, ధర పడిపోతుంది. అప్పుడింక చివరివాడు లాభం కోసం మారడు, నష్టం తగ్గించుకోడానికి మారతాడు, లేదా పొలం అమ్ముకుంటాడు. అంటే ఆగిన చిన్న రైతు ముందు దూకే ధైర్యం చేయలేక ఒకసారి, ధర పడిపోయాక ఒకసారి దెబ్బతింటాడు. ఆగడం తెలివి అని మీరన్నంత తేలిగ్గా నేను అనలేను.

పేదవాళ్లు ఎప్పుడూ చివర్నే వస్తారు అనుకోవడం కూడా తప్పు. కెన్యాలో ఎం-పెసా 2007లో మొదలైంది, మామూలు ఫోన్ నుంచి మెసేజ్‌తో డబ్బు పంపే పద్ధతి. బ్యాంకు ఖాతా లేనివాళ్లు కూడా విపరీతంగా వాడారు. మొదట దాన్ని ప్రయోగం చేసింది చిన్న అప్పుల వాయిదాలు కట్టించుకోడానికి, జనమేమో ఒకరికొకరు డబ్బు పంపుకోడానికి వాడటం మొదలుపెట్టారు, కంపెనీ ఆ దారికే వచ్చింది. కొద్దిమొత్తంతో మొదలుపెట్టవచ్చు, ఏజెంటు దగ్గరికి వెళ్తే వెంటనే నోట్లు చేతికొస్తాయి, నమ్మకం కుదరకపోతే మర్నాడు మానేయవచ్చు. వెనక్కి తిరిగి రాగలిగే దారి ఉంటే చేతిలో తక్కువున్నవాళ్లు కూడా ముందుకొస్తారు.

పాతచొక్కా:
చిన్న రైతు విషయంలో మీరన్నది నిజమే. ఇంట్లో మాట్లాడే స్పీకర్ కొనకపోతే మాత్రం ఎవరి పొలమూ పోదు. చాలా 'కొత్త' ఈ రెండో రకమే.

విత్తనం:
అందరూ డబ్బు నష్టం చుట్టూనే తిరుగుతున్నారు. మర్యాద నష్టం అని ఇంకోటుంది, ఆఫీసుల్లో పనిచేసే మూడోగేరు గారికి అదే ఎక్కువ పనికొస్తుందేమో.

ఆస్ట్రేలియా ఉత్తరాన కేప్ యార్క్ ద్వీపకల్పంలో యిర్ యొరొంట్ అనే ఆదివాసీ సమాజం గురించి లారిస్టన్ షార్ప్ అనే మానవశాస్త్రవేత్త 1952లో రాశాడు. వాళ్ల రాతి గొడ్డళ్లు పెద్దవయసు మగవాళ్ల సొత్తు. రాయి దూరం నుంచి మారకంలో రావాలి, తయారీ మగవాళ్ల పని. కట్టెలు కొట్టేది ఎక్కువగా ఆడవాళ్లే, గొడ్డలి కావాలంటే మాత్రం భర్తనో తండ్రినో అన్ననో అడగాలి, వాడి తిరిగి ఇవ్వాలి. ఆ అడగడంలోనే ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది రోజూ ఖాయమయ్యేది. మిషనరీలు వచ్చి ఉక్కు గొడ్డళ్లు పంచారు, ఆడవాళ్లకీ, కుర్రాళ్లకీ ఇచ్చారు. పనిముట్టు మెరుగైంది, అందులో అనుమానం లేదు. కానీ పెద్దాయన తన గొడ్డలి అరువివ్వడం పోయి, ఒక్కోసారి ఆడవాళ్లనో కుర్రాళ్లనో అరువడగాల్సి వచ్చింది. వయసుకీ బంధుత్వానికీ ఉన్న బరువు దాంతోపాటే కదిలిపోయింది.

ఇప్పుడు మీ ఆఫీసులో పాత రిజిస్టర్లన్నీ నోటికొచ్చిన గుమస్తాని తలచుకోండి. ఏ ఫైలు ఎక్కడుందో ఆయన్నే అడగాలి, మేనేజరు కూడా ఆయన టేబుల్ దగ్గరికి నడిచి వెళ్లాల్సిందే. మీరొచ్చి వెతుకులాట పెట్టె ఒకటి పెట్టి, ఎవరైనా పేరు కొడితే ఫైలు వచ్చేలా చేశారు. ఆయన నేర్చుకోలేక ముట్టుకోవడం లేదా, లేక నేర్చుకుంటే తను ఏమవుతాడో అర్థమయ్యే ముట్టుకోవడం లేదా? నాకైతే ఆయన మీ కొత్త సాఫ్ట్‌వేర్‌ని అందరికంటే బాగా అర్థం చేసుకున్న మనిషిలా కనిపిస్తాడు.

రాత్రిడ్యూటీ:
విత్తనం గారికి దండం. మా సిస్టర్‌కి కూడా కొంత అదే. డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చి రోగి ఎలా ఉన్నాడని ఆవిడ్ని అడిగేవాళ్లు, ఇప్పుడు నేరుగా స్క్రీన్ చూస్తారు.

మూడోగేరు:
సరే, అందరివీ చదివాను, గుమస్తా ఉదాహరణ కాస్త గుచ్చుకుంది, అలాంటివాళ్లు నాకు చాలామంది తెలుసు. అయినా పూర్తిగా మీ వైపు రాలేను. అప్పు లేదు, హోదా పోదు, తప్పు చేస్తే అడిగేవాళ్లు లేరు, అయినా కొత్తది ముట్టుకోనివాళ్లు ఉంటారు, ఇంట్లో ఊరికే పెట్టిన రిమోట్ కూడా ముట్టుకోరు. ఆ మిగిలేదాన్ని స్వభావం అనక తప్పదు. ఎంత మిగులుతుందన్న దగ్గరే మనకి తేడా. మీరు చిటికెడు అంటారు, నేను దోసెడు అంటాను.

పని విషయానికొస్తే, వచ్చేనెల ఒకచోట కొత్త సిస్టమ్ పెట్టాలి. గుంపులుగా విడదీయకుండా ఎవరికి తప్పు ఖరీదు ఎక్కువో ముందు అడిగి రాసుకుంటాను, అది చేసి చూడ్డానికి నాకు అభ్యంతరం లేదు. చేసిన ఎంట్రీని ఎవరికి వారు వెనక్కి తీసుకునే బటన్ ఉందో లేదో చూస్తాను. పాత సిస్టమ్‌ని కొన్నాళ్లు పక్కనే నడపమని కూడా అడగొచ్చు, కానీ అలా చేస్తే రెండుచోట్లా ఎక్కించే పని పడి జనం ఇంకా విసుక్కుంటారు, ఇది అనుభవం మీద చెప్తున్నా. దానికి మీ దగ్గర మంత్రం ఏమైనా ఉందా?

పాతచొక్కా:
రెండుచోట్లా ఎక్కించకండి. పాతదాన్ని చూడ్డానికి మాత్రమే ఉంచండి, ఎక్కించేది కొత్తదాంట్లోనే. భయం చాలావరకు పాత వివరాలు పోతాయేమో అనే, కళ్ల ముందు ఉంటే సర్దుకుంటారు.

చెవులతోచదువు:
స్క్రీన్ రీడర్‌తో, మౌస్ లేకుండా కీబోర్డుతో ఒకసారి నడిపి చూడమని ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకి ఇప్పుడే చెప్పండి. పెట్టేశాక చెబితే తర్వాతి వెర్షన్‌లో చూస్తాం అంటారు.

రాత్రిడ్యూటీ:
శిక్షణ ఏ టైమ్‌లో పెడతారు? మాకు నైట్ షిఫ్ట్ దిగాక పెట్టారు. కళ్లు మూసుకుపోతుంటే ముందువరసలో కూర్చోమన్నారు.

మూడోగేరు:
టైమ్ నా చేతిలో ఉండదండీ, డబ్బు కట్టే క్లయింట్ చెప్పినప్పుడు వెళ్లి చెప్పడమే నా పని.

రాత్రిడ్యూటీ:
అయితే క్లయింట్‌కి చెప్పండి, డ్యూటీ టైమ్‌లోనే పెట్టమని, ఆ రోజు ఒక మనిషిని అదనంగా వేయమని. దానికి ఒప్పుకోకపోతే, మీరన్న ఆ స్వభావం క్లయింట్‌ది కూడా ఒకసారి రాసుకోండి.